బొట్టు మింగిన ఎర్రద్దం

విజయనగరంలో మేనత్త వరహాలమ్మ ఇంటి మేడగదిలో త్రినాథ్ అనే కుర్రాడు ఉండేవాడు. అతనికి ఫోటో తియ్యడం కన్నా, తీసే ముందు లెన్సుకి ఏం తొడగాలా అన్నదాని మీదే ధ్యాస ఎక్కువ.

అతని దగ్గర ఓ పాతకాలపు రేంజ్‌ఫైండర్ కెమెరా ఉండేది. అందులో నలుపూ తెలుపూ రీలే వేసేవాడు. వయసులో అది అతని కన్నా పెద్దది. అయినా దాన్ని చంటిపిల్లలా సాకేవాడు. ఎండ తగలకుండా లెన్సుకి గొడుగులా తగిలించే హుడ్లు, ముందు బిగించే రంగురంగుల ఫిల్టర్ అద్దాలు, దుమ్ము పడకుండా పెట్టే మూతలు, అన్నీ స్వీటు డబ్బాల్లో దూది పరిచి దాచేవాడు. వంటింట్లో పంచదార డబ్బాకి మూత లేదు గానీ, లెన్సుకి మాత్రం నాలుగు మూతలుండేవి.

ఈ కెమెరాతో ఒక చిక్కుంది. మనం కన్ను పెట్టి చూసే కిటికీ వేరు, బొమ్మ పట్టే లెన్సు వేరు. లెన్సుకి ఏం తొడిగినా కిటికీలో అంతా మామూలుగానే కనిపిస్తుంది. ఓసారి త్రినాథ్ మూత తియ్యకుండానే రీలంతా తీసేశాడు. అప్పట్నుంచి అత్త కూతురు సంపూర్ణ అతన్ని "అమావాస్య బావా" అని పిలిచేది.

ఇలా ఉండగా అత్త భర్త సన్యాసిరావు మావయ్యకి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆయన విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేరారు. మర్నాడు ఆపరేషన్ అనగా పొద్దున్నే అత్తకి ఫోన్ చేశారు.

"ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు ఎవర్నీ లోపలికి రానివ్వరట, వరహాలూ. ఫోనూ ఉంచరట. కళ్ళు తెరవగానే కనబడేలా నీ ఫోటో ఒకటి మంచం పక్కన పెట్టమంటాను. సాయంత్రం వచ్చేటప్పుడు పట్రా."

మాట తేలిగ్గానే అన్నారు. "పట్రా" అని మాత్రం రెండుసార్లు అన్నారు. అత్త ఫోన్ పెట్టేసి బీరువాలోంచి పట్టుచీర తీసింది.

"స్టూడియోకి వెళ్ళొస్తాను" అంది.

"నేనుండగా స్టూడియో ఎందుకత్తా? మధ్యాహ్నానికల్లా నీ చేతిలో పెడతాను" అన్నాడు త్రినాథ్.

"మూత తీస్తావా మరి?" అంది సంపూర్ణ.

"తీస్తాను! నువ్వు పద."

అత్త పట్టుచీర కట్టుకుని డాబా మీద స్టూలు వేసుకుని కూర్చుంది. అత్త బొట్టంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. రూపాయి బిళ్ళంత ఎర్రటి కుంకుమ బొట్టు. అత్త వీధి మలుపు తిరిగితే మనిషి కన్నా ముందు బొట్టే కనబడేది.

త్రినాథ్ డబ్బాలన్నీ విప్పాడు. పొడుగు హుడ్ పెడితే కిటికీకి ఓ మూల అడ్డం వచ్చింది. పొట్టి హుడ్ పెడితే ఫిల్టర్ పట్టలేదు. తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఎండ ముదిరింది. కింద ఎక్కడో ఫోన్ మోగితే అత్త ఉలిక్కిపడింది. ఆ ఫోన్ పక్కింట్లోది.

"ఆకాశం చూశావా అత్తా, ఏం మబ్బులు! పసుపు ఫిల్టర్ వేస్తే కొంచెమే తేలతాయి. ఎర్రది వేశాననుకో, ఆకాశం నల్లబడి మబ్బులు వెండికొండల్లా లేస్తాయి!"

"నాన్న అడిగింది అమ్మనా, మబ్బుల్నా?" అంది సంపూర్ణ.

త్రినాథ్ వినిపించుకోలేదు. ఎర్రద్దం బిగిస్తున్నాడు.

"ఒరే నాయనా, చెమటకి బొట్టు చెదిరిందేమో, ఒక్కసారి చూసి చెప్పరా" అంది అత్త.

అతను తల ఎత్తలేదు. "బ్రహ్మాండంగా ఉందత్తా. కదలకు" అన్నాడు.

క్లిక్‌మంది. సంపూర్ణ చప్పట్లు కొట్టింది. "మూత తీశాడు! చూశాను!"

త్రినాథ్ బాత్రూమ్‌లో దూరి, తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కి, ఎర్ర దీపం వెలిగించి ఫోటో కడగడం మొదలుపెట్టాడు. మందునీళ్ళలో కాగితం మీద ముందు మబ్బులు తేలాయి. నిజంగానే వెండికొండలే! తర్వాత అత్త కళ్ళు వచ్చాయి. ముక్కుపుడక వచ్చింది. నుదురు వచ్చింది.

బొట్టు రాలేదు.

ఎర్ర దీపానికి సరిగా కనబడలేదేమో అనుకున్నాడు. ఆరబెట్టి ఎండలోకి తెచ్చి చూశాడు. లేదు. నుదురంతా బోసిగా ఉంది. ఆపరేషన్ బల్ల ఎక్కబోయే మనిషికి, బొట్టు లేని భార్య ఫోటోనా ఇచ్చేది?

లెన్సు నుంచి ఎర్రద్దం విప్పి, కంటికి అడ్డం పెట్టుకుని మేడ మీంచి కిందికి చూశాడు. అత్త క్యారియర్ సర్దుతోంది. మొహం ఉంది, బొట్టు లేదు. అద్దం తీశాడు. బొట్టుంది. మళ్ళీ పెట్టాడు. లేదు. ఎర్రద్దంలోంచి చూస్తే నుదురూ ఎర్రగానే కనబడి, బొట్టు అందులో కలిసిపోతోంది. కెమెరా కిటికీలో ఆ సంగతి తెలియదు. తెలుసుకోవాలని అతనూ అనుకోలేదు.

పాడైన కాపీ ఒకటుంటే దాని మీద ఇంకుతో బొట్టు పెట్టి చూశాడు. నున్నటి కాగితం మీద ఇంకు జారి కనుబొమ్మ దాకా పోయింది. పెళ్ళీడు కూతురున్న మనిషికి దిష్టిచుక్క పెట్టినట్టుంది.

కింద కారు వచ్చి ఆగింది.

"ఒరే త్రినాథా, ఫోటో ఏదిరా?"

"ఇంకా... ఆరలేదత్తా."

"ఆరకపోతే కార్లో ఆరుతుందిలే, పట్రా. ఆరింటికి గేటు వేసేస్తారు."

ఫోటో వెనక్కి పెట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. సంపూర్ణ వెనక నుంచి తొంగి చూసి, "ఈసారి ఏం మర్చిపోయావు అమావాస్య బా..." అని ఆగిపోయింది. ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది.

అత్త చెయ్యి చాపింది. ఫోటో చూసింది. ఆమె చెయ్యి దానంతట అదే నుదుటి మీదికి వెళ్ళి, బొట్టు ఉందో లేదో తడుముకుంది. వీధిలో డ్రైవర్ హారన్ కొట్టాడు.

"ఎర్రద్దం వల్ల అత్తా... మబ్బుల కోసమని... నాదే తప్పు" అన్నాడు త్రినాథ్.

"అడిగాను కదరా, ఒక్కసారి చూడమని" అంది అత్త మెల్లగా.

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"దారిలో ఏదైనా స్టూడియో దగ్గర ఆగుదామా?" అంది సంపూర్ణ.

"టైమేదే?" అంటూ అత్త లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. వేలికొసకి కొబ్బరినూనె రాసుకుని, కుంకుమ అద్దుకుని, ఊపిరి బిగబట్టి ఫోటోలో తన నుదుటి మీద పెట్టుకుంది. నలుపూ తెలుపూ బొమ్మలో బొట్టు ఎర్రగా నిలబడింది.

"నీ అద్దం మింగితే మింగింది. భరిణె నా దగ్గరే ఉంది కదా! పదండి" అంది.

ఆ రాత్రీ మర్నాడూ త్రినాథ్‌కి ముద్ద దిగలేదు. ఆపరేషన్ బాగా జరిగిందని కబురొచ్చాక గానీ ఎవరి మొహమూ చూడలేకపోయాడు. కొన్నాళ్ళకి మావయ్యని గదిలోకి మార్చారు. అందరూ చూడ్డానికి వెళ్ళారు.

"కళ్ళు తెరిచేసరికి అంతా మసకరా" అన్నారు మావయ్య. "తెల్ల గోడలు, తెల్ల బట్టలు. నేనున్నానో పోయానో తెలీలేదు. పక్కకి చూస్తే ఆ తెలుపులో ఎర్రగా ఒక్క బొట్టు. ఓహో, వరహాలు వచ్చేసింది, ఇంక భయం లేదనుకున్నాను."

అత్త కిటికీ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. త్రినాథ్‌కి కాస్త ధైర్యం వచ్చింది. ఎంతైనా కష్టపడి తీసిన ఫోటో కదా!

"మరి మబ్బులెలా ఉన్నాయి మావయ్యా?" అన్నాడు ఆశగా.

మావయ్య ఆలోచించారు.

"ఏం మబ్బులురా?" అన్నారు.

ఆ తర్వాత కూడా త్రినాథ్ హుడ్లూ ఫిల్టర్లూ వాడాడు. కాకపోతే ఏది తొడగాలన్నా, ముందు ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహం ఒకసారి తేరిపార చూసేవాడు.

నీతి: పనిముట్టుని ఎంత ముద్దుగా చూసుకున్నా, ఎవరి కోసం ఆ పని చేస్తున్నామో వాళ్ళని తలెత్తి చూడకపోతే పని చెడుతుంది.