బావి నీళ్ళ తీపి

కొండమీది మఠంలో ఉండే బ్రదర్ సిరిల్ నాలుకంటే కొండ కింద ద్రాక్షతోటల వాళ్ళందరికీ హడల్. ఏటా వాళ్ళు మఠానికి తెచ్చే వైన్లు రుచి చూసి మంచీచెడ్డా చెప్పేది అతనే. బాగుందన్నాడా, దివ్యపూజకి మఠమే కొంటుంది. బాలేదన్నాడా, ఇక అంతే సంగతులు.

రుచి చూడడానికి ఫాదర్ అంబ్రోస్ పెట్టిన పద్ధతొకటుంది. వగరు వైన్లు ముందు, తీపివి ఆఖర్న. మధ్యమధ్య ఓ రొట్టెముక్క, గుక్కెడు నీళ్ళు. నోట్లో పోసుకున్న వైను మింగకూడదు, ఊసెయ్యాలి. సిరిల్ ఈ విద్యంతా ఆ ముసలాయన దగ్గరే నేర్చుకున్నాడు.

ఆ ఏడు మాత్రం పెద్ద రైతు ఒకాయన తోసుకొచ్చి తన తీపి వైను ముందే చేతికిచ్చాడు.

"అది ఆఖర్న కదా బ్రదర్?" అన్నారెవరో.

"ఆ వరసలన్నీ నేర్చుకునేవాళ్ళకి. నా నాలుకనెవరూ మోసం చెయ్యలేరు," అన్నాడు సిరిల్. అని ఊరుకున్నాడా? ఊసెయ్యాల్సింది పోయి, బాగుంది కదా అని రెండు గుక్కలు మింగేశాడు కూడా.

ఆ వెంటనే వచ్చింది ఫిలోమినమ్మ వైను. భర్త పోయాక ఆవిడ ఒంటిచేత్తో పెంచిన తోటలో మొదటి కాపు అది. సిరిల్ రొట్టే నీళ్ళూ ముట్టకుండానే దాన్ని నోట్లో పోసుకుని మొహం చిట్లించాడు.

"పుల్లటి గంజి. పారబొయ్యండమ్మా."

ఆవిడ వాదించలేదు. "అయితే రేపే తీగలు పీకించేస్తాను," అని కొండ దిగి వెళ్ళిపోయింది.

పొద్దున్నే సిరిల్ గురువు దగ్గరికెళ్ళాడు. "ఉన్నమాటే చెప్పాను కదా ఫాదర్? మరి మనసెందుకిలా పీకుతోంది?"

ఫాదర్ అంబ్రోస్ పచ్చడికని ఉసిరికాయలు తుడుచుకుంటున్నాడు. ఒకటి తీసి ఇచ్చాడు. "తిను."

సిరిల్ నమిలాడు.

"ఇప్పుడీ నీళ్ళు తాగు. ఎలా ఉన్నాయి?"

"తియ్యగా ఉన్నాయి ఫాదర్."

"ఔరా! మన బావిలో పంచదార ఎవరు పోశారోయ్?"

సిరిల్ నవ్వబోయి ఆగిపోయాడు. చెంబు కింద పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా కొండ కిందికి పరుగందుకున్నాడు.

అప్పటికే కూలీలు పలుగులు పట్టుకుని తోటలో దిగారు.

"ఆగండి, ఆగండి!"

"ఇంకేం అనడానికొచ్చావు నాయనా?" అంది ఫిలోమినమ్మ.

"కాసిని మంచినీళ్ళు, ఓ రొట్టెముక్క ఇప్పించండమ్మా. మీ వైను కూడా."

నోరు పుక్కిలించాడు. రొట్టె నమిలాడు. మళ్ళీ పుక్కిలించాడు. అప్పుడు వైను నోట్లో పోసుకుని చాలాసేపు ఉంచుకున్నాడు. ఈసారి ఊసెయ్యడానికి మనసొప్పలేదు.

"వగరు ఇంకా దిగలేదమ్మా. ఒక్క ఏడాది కదపకుండా ఉంచండి. బలిపీఠం మీదికి దీన్ని నేనే మోసుకెళ్తాను. తీగలు మాత్రం పీకొద్దు."

కూలీలు పలుగులు దించారు. ఫిలోమినమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అంతలోనే కోపం తన్నుకొచ్చింది ఆవిడకి.

"మరి నిన్న పుల్లటి గంజి అన్నావే!"

సిరిల్ తలొంచుకున్నాడు.

"నిన్న మీ వైను నేను రుచి చూడనే లేదమ్మా."