చక్రంగారి వాటా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అప్పటికి పంట అంటే ఎవరికీ తెలియదు, ఇల్లంటే ఎవరికీ తెలియదు. ఎక్కడ కాయ కనిపిస్తే అక్కడికి పరుగు. ఎండాకాలం వాగు వెంట, వానాకాలం కొండ మీద. పిల్లలు నడవలేక ఏడ్చినా ఆగడానికి వీల్లేదు. ఆగితే ఆకలే.

ఒకసారి ముట్టవ్వ అనే అడవిపంది దుంపల కోసం వాగు ఒడ్డున నేలంతా తవ్వి పారేసింది. కొర్రలు నములుతూ తవ్వడం ఆమెకు అలవాటు. సగం గింజలు కడుపులోకి పోతే సగం మట్టిలో రాలేవి. తినేటప్పుడు నోరు మూసుకోవాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. మీకు నేర్పారు కాబట్టి మీరు అలా తినకండి! వానలు పడ్డాక ఆమె మళ్లీ అదే దారిన వచ్చింది. తవ్విన చోటంతా కొర్ర మొలకలు పచ్చగా లేచి ఉన్నాయి. ముట్టవ్వ వాటి ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించింది.

"ఇక నేను నడవను. ఇక్కడే ఉంటాను. ఇంకా తవ్వుతాను," అంది.

అందరూ పడీపడీ నవ్వారు. పంట చేతికొచ్చాక నవ్వడం మానేసి, వాళ్లూ అక్కడే ఉండిపోయారు.

ఉండిపోయాక పనులు పంచుకున్నారు. పందులు నేల తవ్వేవి. గిజిగాళ్లు గాదెలు అల్లేవి. నెమళ్లు తోకలు ఊపి పొట్టు ఎగరగొట్టేవి. ఎలుగుబంటి గుబురమ్మ తిరగలి తిప్పి పిండి విసిరేది.

కానీ గాదె నిండగానే తగాదా మొదలైంది. చెమటోడ్చింది ఒకరైతే, ముందుగా వచ్చి తిన్నది బండల మీద పడుకున్న కోతులు. అప్పుడు ముట్టవ్వ ఒక కట్టుబాటు పెట్టింది. "చెయ్యి వేసినవాడికే దోసెడు." దాన్ని కాపాడే పని ముళ్లపంది కంటకయ్యకు అప్పగించారు. ఆయన ముళ్లు నిక్కబొడిస్తే పులి కూడా పక్కకు తప్పుకునేది. పైగా కంటకయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఈ మాటంటే ఆ అడవిలో కుందేళ్లకు కోపం వచ్చేది గానీ, నిజం నిజమే.

కట్టుబాటు మంచిదే. నెలకోసారి పొద్దున్నే గాదె తెరిచేవారు. పని చేసినవాళ్లు వరసగా నిలబడి తమ వాటా పట్టుకెళ్లేవారు. ఏళ్ల తరబడి అక్కడ ఎవరూ పస్తు పడుకోలేదు.

ఇక గుబురమ్మ సంగతి వినండి. ఆమెకు ఇద్దరు పిల్లలు. అడవి మొత్తానికి పిండి ఆమె తిరగలిలోంచే రావాలి. తెల్లారి మొదలుపెడితే పొద్దు వాలేదాకా రాయి తిప్పుతూనే ఉండేది. అరచేతులు పగిలి నెత్తురు వచ్చేది. "అమ్మా, ఆడుకుందాం రా," అని పిల్లలు పిలిస్తే, "ఈ గంప అయ్యాక," అనేది. ఆ గంప అయ్యేలోగా ఇంకో గంప వచ్చి కూర్చునేది.

వాగులో ఉండే నీటికుక్క బుడుంగయ్య రోజూ ఆ చేతులు చూసేవాడు. చూసి ఊరుకోలేకపోయాడు. వాగులో నీళ్లు ఊరికే పరిగెడుతున్నాయి కదా, వాటి చేత పని చేయిస్తే ఏం పోయింది అనుకున్నాడు. చెక్కలు కొరికి, తీగలతో కట్టి, ఒక చక్రం చేశాడు. మొదటిది విరిగింది. రెండోది కొట్టుకుపోయింది. మూడోది తిరిగింది. నీళ్లు చక్రాన్ని తిప్పాయి, చక్రం తిరగలిని తిప్పింది. గుబురమ్మ నెల రోజులు విసిరే గింజలు రెండు రోజుల్లో పిండి అయిపోయాయి.

అడవంతా పండగ చేసుకుంది. అందరికంటే ఎక్కువగా మురిసిపోయింది గుబురమ్మే. చేతులు వాగులో పెట్టుకుని, "బుడుంగయ్యా, నీ కడుపు చల్లగా ఉండాలి నాయనా," అంది.

గాదె తెరిచే రోజు వచ్చింది. గుబురమ్మ ఎప్పటిలాగే వరసలో నిలబడి దోసిలి పట్టింది. కంటకయ్య గింజలు పోయలేదు.

"ఈ నెల పిండి విసిరింది ఎవరమ్మాయ్?" అని అడిగాడు.

"చక్రం, తాతా."

"మరి చెయ్యి వేసినవాడికే దోసెడు. కట్టుబాటు నీకు తెలియనిది కాదు," అంటూ ఆయన గుబురమ్మ వాటా గంపకెత్తుకుని వాగు ఒడ్డుకు నడిచాడు. చక్రం ముందు గౌరవంగా కుమ్మరించి వచ్చాడు.

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. కానీ కట్టుబాటు కట్టుబాటే కదా. నోరు విప్పి అడిగితే ముళ్లు లేస్తాయని భయం. ఒక కాకి మాత్రం ఆ కుప్ప దగ్గరికి వెళ్లి ముక్కు చాచింది.

"ముట్టుకోకు! అది చక్రంగారి వాటా!" అని కంటకయ్య గద్దించాడు.

అప్పటి నుంచి అడవంతా దాన్ని చక్రంగారు అనే పిలిచింది. చక్రంగారికి నోరు లేదు, కడుపు లేదు. కుప్ప మాత్రం నెలనెలా పెరిగింది.

గుబురమ్మ ఇంకో పని వెతుక్కుంది. పొలానికి వెళ్లి విత్తనాలు చల్లుతానంది. ఆమె అడుగు పడిన చోటల్లా మొలకలు నలిగాయి. గాదెలు అల్లుతానంది. ఆమె గోళ్లకు తీగలన్నీ చిరిగాయి. పిట్టలను తోలుతానంది. ఆమె ఒక్క అరుపు అరిస్తే పిట్టలతో పాటు పందులు కూడా పారిపోయాయి. అందరూ మర్యాదగానే, "నీకెందుకమ్మా ఈ కష్టం," అని పంపేశారు.

ఇంట్లో ఉన్న పిండి అయిపోయింది. పెద్దపిల్ల పాత తిరగలి అంచులు నాకింది. చిన్నపిల్లకు అక్కడిదాకా పాకే ఓపిక కూడా లేదు. వెనకటిలాగే కొండల్లోకి పోదామా అనుకుంది గుబురమ్మ. చిన్నదాన్ని లేపి నిలబెడితే దాని కాళ్లు మడతపడిపోయాయి. కొండ ఎలా ఎక్కుతుంది? ఆ తల్లి గుండె చెరువైపోయింది. వెంటనే కోపం పొంగింది.

పట్టపగలు అందరూ చూస్తుండగా గుబురమ్మ చిన్నదాన్ని మోసుకొచ్చి కుప్ప పక్కన పడుకోబెట్టి, పెద్ద బండరాయి ఎత్తుకుని చక్రం మీదికి వెళ్లింది. కంటకయ్య ముళ్లన్నీ లేపి అడ్డం నిలబడ్డాడు. బుడుంగయ్య నీళ్లలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, నీ చేతులు చూసే దీన్ని చేశాను," అని ఏడ్చాడు. "నీ కడుపు సంగతి నాకు తట్టలేదు. కొట్టాలనిపిస్తే కొట్టు. నేను అడ్డం రాను."

గుబురమ్మ రాయిని ఒక భుజానికి ఆనించి తన అరచెయ్యి చూసుకుంది. పగుళ్లన్నీ పూడిపోయాయి. మెల్లగా రాయి దింపింది.

"చక్రం నాకేం చెడు చేసిందిరా? దీన్ని పగలగొడితే మళ్లీ నా చేతులే పగులుతాయి." తర్వాత ఆమె ముళ్లపంది వైపు తిరిగింది. "కంటకయ్య తాతా, ఒక్కటి అడుగుతాను, చెప్పు. చక్రంగారికి ఆకలేస్తుందా?"

"వెయ్యదు," అన్నాడు కంటకయ్య.

"నా పిల్లలకు వేస్తుంది తాతా."

 అయినా కంటకయ్య తగ్గలేదు. "కట్టుబాటు నేను పెట్టలేదమ్మాయ్. అవ్వ పెట్టింది. పైగా కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు," అన్నాడు.

వెనక నుంచి ముట్టవ్వ గొంతు వినిపించింది. ముసలితనంతో కుంటుకుంటూ వచ్చింది.

"ఒరేయ్ కంటకం! ఎవర్రా కూర్చున్నది? మూడు పనులు అడిగితే మూడు చోట్లా పొమ్మన్నాం. కూర్చోబెట్టింది మనం. పని చేసిన ఏ కడుపూ కాలకూడదనే ఆ కట్టుబాటు పెట్టాను. అసలు కడుపే లేనిదానికి వాటా పెట్టమన్నానా?"

కంటకయ్య తల దించుకున్నాడు. అవ్వ అందరినీ ఒకసారి చూసింది.

"మనం తిరిగే రోజుల్లో దారి చూపింది ఎవరు? వంకరకొమ్ముల దుప్పి. ఏ కొండ వెనక ఏ కాయ ఎప్పుడు పండుతుందో వాడికే తెలుసు. మనం ఇక్కడ ఆగిపోయిన రోజున వాడి పని పోయింది. ఎవరైనా దోసెడు పెట్టామా? ఒకరోజు లేచి చూస్తే వాడు లేడు. ఎటు వెళ్లాడని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పంట కనిపెట్టానని అందరూ పొగుడుతుంటే మురిసిపోతూ కూర్చున్నాను. ఆ సిగ్గు ఇవాళ్టికీ నన్ను తినేస్తోంది. ఇంకోసారి ఆ తప్పు చేయలేను."

 కంటకయ్య మెల్లగా కుప్ప దగ్గరికి వెళ్లి చేతులు లోపలికి పెట్టాడు. పైన గింజలు బాగానే ఉన్నాయి. అడుగున చక్రం చిమ్మిన నీళ్లకు కుళ్లి కంపు కొడుతున్నాయి. ఆ పక్కనే గుబురమ్మ చిన్నపిల్ల ఎముకలు తేలి పడుకుని ఉంది. ఆయన ముళ్లన్నీ ఒక్కసారిగా వాలిపోయాయి.

"నా మొండితనంతో తిండిని మట్టి చేశాను. పిల్లల్ని మాడ్చాను," అని బావురుమన్నాడు. ఏడుస్తూనే మంచి గింజలన్నీ ఏరి గంప నింపాడు. గంప తన నెత్తినే పెట్టుకుని గుబురమ్మ గుమ్మంలో దించాడు. "చక్రం ఎవరి పని చేస్తుందో దాని వాటా వాళ్లది. వాళ్లకు ఇంకో పని కుదిరేదాకా వాళ్లదే," అని అందరి ముందూ చెప్పాడు.

గుబురమ్మ కొన్నాళ్లు ఏ పనీ చేయలేదు. పిల్లలకు తినిపించింది, తను తిన్నది, పిల్లలతో ఆడుకుంది. చిన్నది లేచి నడిచింది, తర్వాత పరిగెత్తింది. అలా ఆడుతూ ఆడుతూ ఒకరోజు పిండిలో నీళ్లు, తేనె కలిపి పిసికింది. చేతికి అంటుకున్న ముద్దను ఎండకు కాలిపోతున్న బండ మీద తట్టింది. కాసేపటికి కమ్మటి వాసన!

మీరు నమ్మరు గానీ, అన్నేళ్లూ ఆ అడవిలో అందరూ పిండిని పొడిగానే బుక్కేవారు. పొలమారి దగ్గేవారు. రొట్టె చేయొచ్చని ఆలోచించడానికి తీరిక ఎవరికుంది? మర్నాటి నుంచి గుబురమ్మ బండ ముందు కోతులు కూడా వరసలో నిలబడ్డాయి. తన వాటా తనకు మళ్లీ దొరికింది. ఈసారి చేతులు పగలలేదు.

కొన్నాళ్లకు బుడుంగయ్య ఇంకో ఆలోచనతో వచ్చాడు. "తాతా, చక్రానికి ఆకుల విసనకర్ర కడితే పొట్టు అదే ఎగిరిపోతుంది," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. కంటకయ్య చెయ్యెత్తి ఆపాడు.

"ఆగండి. పొట్టు ఎగరగొడుతున్నది ఎవరు? నెమళ్లు. ముందు వాళ్ల గంప నింపుదాం. ఆ తర్వాతే విసనకర్ర తిరగాలి."

అలాగే చేశారు. నెమళ్లకు తిండి దొరికింది, తీరికా దొరికింది. పొట్టుతో మాసిన తోకలు వాగులో కడుక్కున్నాయి. ఒకనాడు మబ్బు పట్టింది. పని తొందర లేని ఒక నెమలి ఆ మబ్బును తలెత్తి చూసింది. తోక విప్పింది. ఆ అడవిలో నెమలి ఆట అందరూ మొదటిసారి చూసింది ఆ రోజే.

నీతి: పని తగ్గించే తెలివి గొప్పదే. ఆ పని పోయినవాళ్ల కడుపు మాడకుండా చూసే తెలివి అంతకంటే గొప్పది.