గైరమ్మ నడికట్టు

ఒకప్పుడు చీమ నడుం గుమ్మడికాయంత ఉండేది. నవ్వకండి! చీమ పక్కకి ఒత్తిగిలితే చాలు, సూర్యుడు చాటైపోయి, పట్టపగలే కోళ్లు సాయంత్రమైందనుకుని గూళ్లకి చేరేవి. ఇంకా తగ్గించే చెబుతున్నాను. ఉన్నదున్నట్టు చెబితే మీరు తట్టుకోలేరు.

అంత ఒళ్లుండీ బలం మాత్రం సున్నా. నూకగింజ ఎత్తాలన్నా ఆయాసమే.

ఆ చీమల్లో గైరమ్మ అని ఒకతి ఉండేది. పల్లంలో ఉన్న గూట్లో గుడ్లకి కాపలా కాయడం ఆమె పని. ఒకనాడు కొండమీంచి మబ్బు తొంగిచూసింది.

"గైరమ్మా, నా కడుపు నిండిపోతోందే. ఈ కార్తె వెళ్లేదాకా ఎలాగో బిగబట్టుకుంటాను. ఆ తర్వాత నా వల్ల కాదు. నీ గుడ్లు మిట్టకి చేర్చుకో."

గైరమ్మ పరిగెత్తుకెళ్లి గుడ్డు ఎత్తబోయింది. గుడ్డు కదల్లేదు, గైరమ్మే బోర్లాపడింది.

ఏడుస్తూ పేడపురుగు వస్తాదు కసరత్తులు నేర్పే తాలింఖానాకి వెళ్లింది. ఆ వస్తాదంటే మాటలా! ఆయన తొడ చరిస్తే కొండల అవతల ఏనుగులు ఉలిక్కిపడి పిల్లల్ని దగ్గరికి లాక్కునేవి.

"వస్తాదుగారూ, నాకు బలం కావాలి. ఇవాళే కావాలి!"

"ఇవాళే ఇచ్చేయడానికి అదేమన్నా బెల్లంముక్కా? ఏదీ, ఏమెత్తుతావో చూపించు."

గైరమ్మ దర్జాగా వెళ్లి చింతపిక్క కింద దూరింది. ఇంకేముంది, పిక్క కిందనుంచి ఆరు కాళ్లు మాత్రం కనిపించాయి.

వస్తాదు పిక్కని పక్కకి దొర్లించి పకపకా నవ్వాడు. "ముందు గసగసాల గింజ ఎత్తవే తల్లీ. అది తేలికనిపించాక ఆవగింజ. ఆ తర్వాతే మెంతిగింజ. నడుంతో కాదు, కాళ్లతో లే. ఒకరోజు ఎత్తితే మర్నాడు పడుకో. కండ పెరిగేది పడుకున్నప్పుడే."

తాలింఖానాలో ఒక పద్ధతుంది. బరువెత్తే ముందు నడికట్టు బిగించాలి, దించగానే విప్పేయాలి. సాలీడు తన దారం తెచ్చి గైరమ్మకి నడికట్టు కట్టింది.

గసగసాలు అయ్యాయి. ఆవాలూ అయ్యాయి. కానీ గైరమ్మకి తొందర. 'నేను పడుకుంటే మబ్బు ఆగుతుందా?' అనుకుని, పడుకోవాల్సిన రోజు కూడా పొదచాటున మెంతిగింజతో కుస్తీ పట్టింది. మర్నాడు కాళ్లు గజగజ వణికాయి. మొన్నటిదాకా లేచిన ఆవగింజే లేవనంది.

"పొదచాటుకి వెళ్లావు కదూ?" అన్నాడు వస్తాదు.

"గుడ్లు గుర్తొస్తే నిద్రపట్టదండీ."

"ఆ గుడ్ల కోసమే పడుకో."

గైరమ్మ పడుకుంది. ఆహా, ఏం గురక! ఆ గురకకి తాటికాయలు రాలాయి. లేచి మెంతిగింజ పట్టుకుంటే దూదిపింజలా లేచింది. ఆ సంబరంలో తోటి చీమలన్నిటికీ సాధన నేర్పింది. సాలీడు అందరికీ నడికట్లు కట్టింది.

కార్తె వెళ్లిపోయింది. "ఇక ఆగలేనే గైరమ్మా!" అని అరిచింది మబ్బు.

చినుకులా అవి? ఒక్కొక్కటి నీళ్లకాగంత! చీమలు గుడ్డు ఎత్తడం, మిట్టెక్కడం, దించడం, మళ్లీ పరిగెత్తడం. నడికట్టు విప్పుకునే తీరికేదీ? ఆఖరి గుడ్డు దగ్గరికి నీళ్లొచ్చేశాయి. గైరమ్మ ఆరు కాళ్లూ నేలకి తన్నిపెట్టి ఒక్క లేపు లేపింది. గుడ్డు లేచింది! వెనకాలే గూడు మునిగిపోయింది.

మిట్టమీద గుడ్లన్నీ పొడిగా ఉన్నాయి. "హమ్మయ్య!" అన్నాయి చీమలన్నీ ఒక్కసారిగా. ఆ ఊపిరికి మబ్బు రెండుగా చీలి ఎండ పడింది.

అప్పుడు చూసుకుంది గైరమ్మ. తడిసిన దారం బిగుసుకుపోయింది. వస్తాదుతో పాటు సాలీడు పరుగున వచ్చి కట్లు కొరికేసింది. కట్లు పోయాయి గానీ, చీమల నడుములన్నీ దారప్పోగుల్లా ఉండిపోయాయి.

"అయ్యో వస్తాదుగారూ, నా నడుం!"

"గుడ్లు?"

"అన్నీ ఉన్నాయండీ."

"మరింకేం కావాలే!"

గైరమ్మకి నవ్వొచ్చేసింది. నిజమే మరి, ఒళ్లంతా గాలాడుతున్నట్టు హాయిగా ఉంది.

అప్పటినుంచే చీమ నడుం అంత సన్నం. అప్పటినుంచే చీమ తనకంటే ఎన్నోరెట్ల బరువు అవలీలగా మోసుకుపోతుంది. దారిలో ఇంకో చీమ ఎదురైతే ఒక్క క్షణం ఆగి, మొహానికి మొహం ఆనించి అడుగుతుంది: "గుడ్లన్నీ ఉన్నాయా?" ఉన్నాయని వినగానే హమ్మయ్య అనుకుని తన దారిన సాగిపోతుంది.