వరహాలమ్మగారు విన్న సినిమా

కూర్మారావు కథ చెబుతుంటే జనం లేచి వెళ్ళిపోయేవారు కాదు. అలా వెళ్ళిపోయినా కొంత నయంగా ఉండేది. కూర్చునే ఉండేవారు, ఆవలిస్తూ, పక్కవాళ్ళతో ఇంటి సంగతులు మాట్లాడుకుంటూ.

విజయనగరంలో వరహాలమ్మగారి దగ్గర నాలుగేళ్ళుగా హరికథ నేర్చుకుంటున్నాడు. గొంతుకి వంక పెట్టడానికి లేదు. తాళం తప్పదు. పద్యం ఎత్తుకుంటే పక్క వీధి దాకా వినబడుతుంది. ఇన్నాళ్ళూ ఆవిడ పక్కన నిలబడి మధ్యమధ్య అందుకుని చెప్పేవాడు, వచ్చే శుక్రవారం చీపురుపల్లి ఉత్సవంలో మొదటిసారి ఒక్కడే కథ చెప్పాలి. ఇంట్లో సాధన చేస్తున్నప్పుడు, తల్లి కొడుకుని అడవికి సాగనంపే ఘట్టం రాగానే వరహాలమ్మగారు చెయ్యెత్తి ఆపేవారు.

"మళ్ళీ" అనేవారు. ఏం తప్పో చెప్పేవారు కాదు.

కథ తరవాత కూర్మారావుకి ప్రాణం సినిమా. ఊళ్ళోకి వచ్చినదేదీ వదలడు. చూసిన ప్రతిదాని మీదా ఒక మాట అనకుండా ఉండడు. టీకొట్టు దగ్గర అతని తీర్పు విన్నాకే సినిమాకి వెళ్ళాలో మానాలో తేల్చుకునేవాళ్ళు నలుగురైదుగురున్నారు.

ఆ రోజు సాయంత్రం వరహాలమ్మగారు వసారాలో నల్లకళ్ళద్దాలతో కూర్చుని ఉన్నారు. కుడికంటికి శుక్లం తీయించుకుని వారమైంది. ఎడమకన్ను ఎప్పటినుంచో మసకే. పొద్దుపోక, "సినిమాలేవైనా చూశావురా?" అని అడిగారు.

అంతకన్నా కావలసిందేముంది? కూర్మారావు అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు.

"ఈ నెల అయిదు చూశానమ్మా. కత్తుల సినిమా ఒకటి. హీరో చేతిలో చచ్చినవాళ్ళకి మన జిల్లా జనాభా చాలదు. దెయ్యం సినిమా ఒకటి, భయపడాల్సిన చోట నవ్వొచ్చింది, నవ్వాల్సిన చోట నిద్రొచ్చింది. మలయాళం నుంచి తెచ్చిన పడవవాడి సినిమా బాగానే ఉంది గానీ, ఆ పడవ ఒడ్డు చేరేలోగా మనం ఇంటికెళ్ళి భోంచేసి రావచ్చు. పిల్లల బొమ్మల సినిమా కాస్త నయం, అదీ సగం వరకే. ఇక బస్సు డ్రైవరు సినిమా ఉంది చూడండీ, అది తీసినాయన్ని ఆ బస్సులోనే ఎక్కించి ఊరు దాటించేయాలి."

వరహాలమ్మగారు పడీపడీ నవ్వారు. కంటికి మంచిది కాదని తెలిసీ నవ్వారు.

"అన్నిట్లోకీ పాడుది ఆ బస్సుదేనా?"

"సందేహం లేదమ్మా."

"అందులో ఏం జరిగింది?"

"ఏముంటుందమ్మా, తండ్రీ కూతురూ. అలుగుతారు, కలుస్తారు. మామూలే."

"అయితే రేపు మ్యాట్నీకి నన్ను దానికి తీసుకెళ్ళు."

కూర్మారావు కంగారుపడ్డాడు. "తెర వెలుగు చూడొద్దన్నారు కదమ్మా డాక్టరుగారు!"

"నేను చూడను. నువ్వు చూసి చెప్పు."

మర్నాడు హాల్లో పట్టుమని పాతికమంది లేరు. వరహాలమ్మగారు నల్లద్దాల వెనక కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బొమ్మ పడింది.

"మొదట్లోనే ఎడిటింగు తేలిపోయిందమ్మా" అన్నాడు కూర్మారావు, చెవి దగ్గరగా వంగి.

"ఎవరది?"

"మనిషి కాదమ్మా, ఎడిటింగంటే..."

"తెర మీద ఎవరున్నారురా?"

అతను తెర వైపు చూశాడు. "ఒకాయన బస్సు కడుగుతున్నాడు."

"ఎలా ఉంటాడు?"

పది రోజుల కిందట చూసిన మనిషే. అయినా ఇప్పుడు మళ్ళీ చూడవలసి వచ్చింది. "యాభై దాటుంటాయి. ఖాకీ చొక్కా. భుజం దగ్గర కుట్టు విడిపోతే తెల్లదారంతో కుట్టుకున్నాడు. వంకరగా ఉంది కుట్టు."

"తనే కుట్టుకున్నాడన్నమాట" అన్నారు వరహాలమ్మగారు.

కూర్మారావు ఒక్క క్షణం ఆగాడు. ఆ మాట అతనికి తోచలేదు. ఆగితే కుదరదు, తెర మీద మనుషులు ఆగడం లేదు. చెప్పుకుంటూ పోయాడు. తండ్రికి చెప్పకుండా పెళ్ళి చేసుకున్న కూతురు, ఆమె పేరెత్తితే లేచి వెళ్ళిపోయే తండ్రి, ఇద్దరి మధ్యా నాలుగేళ్ళ మౌనం.

వెనక సీటులోంచి ఎవరో అతని భుజం తట్టారు. తిట్లు తప్పవనుకుంటూ తిరిగాడు. నడివయసు ఆవిడ, పక్కన ముసలావిడ.

"బాబూ, కాస్త గట్టిగా సెప్పు. మా అత్తకీ కళ్ళు సరిగ్గా ఆనట్లేదు."

కూర్మారావు గొంతు పెంచాడు.

మధ్యలో ఫైటు వచ్చింది. "ఇది మాత్రం అనవసరమమ్మా. పదిమంది ఊరికే వచ్చి పడ్డారు."

"అయితే అది అయ్యాక లేపు" అని ఆవిడ తల వెనక్కి వాల్చేశారు.

ఫైటు అయ్యాక లేపాడు. తెర మీద వాన. కూతురు తెలియక తండ్రి నడిపే బస్సే ఎక్కింది.

"అద్దంలో కూతుర్ని చూశాడమ్మా. వెనక్కి తిరగలేదు."

"ఆ పిల్ల?"

"తనూ చూసింది. కిటికీ వైపు తిరిగిపోయింది. ఆమె దిగాల్సిన చోటు వచ్చేసింది. కండక్టరు పిలుస్తున్నాడు. దిగడం లేదు."

"తండ్రో?"

"బస్సు పోనివ్వడం లేదు. వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతున్నాయి. గేరు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి..."

కూర్మారావు చెప్పడం మరిచి తెర వైపే చూస్తున్నాడు. తెర మీద మాటల్లేవు, వాన చప్పుడే. వెనక ముసలావిడ ముందుకి వంగింది.

"ఆ సెయ్యికేటయింది, నాయినా?"

"వణుకుతోందమ్మా" అన్నాడు.

ఇంటికి వస్తూ ఆటోలో వరహాలమ్మగారు అడిగారు. "ఎలా ఉందిరా సినిమా?"

"పాటలు ఎక్కువేనమ్మా. ఫైటు దండగే." కాసేపు రోడ్డు వైపు చూశాడు. "రేపు మళ్ళీ ఆయన డ్యూటీకి వెళ్ళాలి కదమ్మా. అదే దారిలో."

 

తెల్లవారి కూర్మారావు గజ్జెలు కట్టుకుని, చిడతలు పట్టుకుని వసారాలో నిలబడ్డాడు. కథ తల్లీకొడుకుల దగ్గరికి వచ్చింది. వరహాలమ్మగారు కదల్లేదు. ఈసారి అతనే ఆగిపోయాడు.

"అమ్మా, కొడుకు బయల్దేరినప్పుడు ఆ తల్లి ఎక్కడ నిలబడింది? గడప లోపలా, బయటా? పద్యంలో లేదు."

"నన్నడుగుతావేమిట్రా? అక్కడున్నది నువ్వు."

కూర్మారావు చిడతలు దించేశాడు.  తరవాత మెల్లగా, పద్యం ఎత్తుకోకుండా, పక్కింటి సంగతి చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"లోపలే నిలబడిందమ్మా. బయటికి వస్తే వాణ్ణి పట్టుకుంటానేమోనని."

రోజూ ఆ వేళకి వీధిలో కేకేసుకుంటూ పోయే పూలావిడ వాకిట్లో గంప దించి, మెట్టు మీద కూర్చుంది.

"అప్పుడేటయింది బాబూ?" అంది.

కూర్మారావు ఆమె వైపు తిరిగాడు.