నేరేడు జున్ను

అనగనగా ఒక రైతు ఇంటి పాకలో రెండు గేదెలు. తల్లి పేరు కాటుక, కూతురి పేరు నేరేడు. ఊళ్లో పాడి మాట వస్తే అందరి నోటా కాటుక పేరే.

ఒకనాడు నేరేడు తొలిచూలు ఈనింది. దూడ తాగగా మిగిలిన పాలలో ఇల్లాలు సూరమ్మ బెల్లం, మిరియాల పొడి వేసి ఆవిరి మీద ఉడికించింది. తోడు వేయకుండానే పాలు గడ్డకట్టి, గిన్నె కదిపినా తొణకని జున్నయ్యాయి. వీధి వీధంతా వచ్చి తిన్నది. "పాడి అంటే నేరేడుదే!" అన్నది.

కాటుక కడుపు భగ్గున మండింది.

"సూరమ్మా, నా పాలతోనూ జున్ను వండు!"

"ఒసే కాటుకా, నువ్వు కిందటిసారి ఈని ఏడాది కావొస్తోంది. ఇప్పుడు జున్నెక్కడిదే?" అని సూరమ్మ నవ్వింది.

కాటుక వింటేగా! కూతురి ఉలవలన్నీ తినేసింది. సూరమ్మ సరదాకి కాటుక పాలూ ఉడికించి చూసింది. పాలు పాలుగానే ఉన్నాయి. మర్నాడు కాటుక కూతుర్ని నెట్టి, చల్లగాలి తగిలే చోటు ఆక్రమించింది. అయినా పాలు పాలే.

'దూడ కుడిస్తేనే చిక్కబడతాయి కాబోలు' అనుకుంది. మూడోనాడు సూరమ్మ పొలం వెళ్లగానే దూడను కొమ్ములతో తన వైపు లాక్కుంది. పాపం, దూడ పొద్దంతా పొదుగు కుమ్మింది. కాటుక మాత్రం పాలు చేపలేదు. చుక్క కూడా వృథా కాకూడదు మరి, అన్నీ జున్ను గిన్నెలోకే పోవాలి!

సాయంత్రానికి దూడ వణుకుతూ కాళ్లు మడిచి కూలబడింది.

కట్టుతాడు తెంచుకోలేక నేరేడు అంబా అని అరిచింది. "అమ్మా, దాన్ని వదిలెయ్యవే! నేను పుట్టినప్పుడు నీ పాలూ నా పాలలాగే గడ్డకట్టేవట. అవి తాగే కదా నేను లేచి నిలబడ్డాను!"

కాటుక దూడ వంక చూసింది. ఒకప్పుడు నేరేడు కూడా అచ్చం ఇలాగే వణికింది. ఆ సంగతే మరిచిపోయినందుకు దానికి సిగ్గేసింది. మూతితో దూడను లేపి, మెల్లగా తల్లి పొదుగు దగ్గరికి చేర్చింది.

కొన్నాళ్లకు నేరేడు పాలు కూడా గడ్డకట్టడం మానేశాయి. వీధివాళ్లు రావడమూ మానేశారు.

"అమ్మా, నా జున్ను అయిపోయింది" అంది నేరేడు దిగులుగా.

"అయిపోవడమేమిటే పిచ్చిదానా? అదిగో, వాకిట్లో గంతులేస్తోంది" అంది కాటుక, దూడను చూపించి.

కనుక పిల్లలూ, మన చేతుల్లో పెరిగినవారి గొప్పను చూసి ఏడిస్తే, మన గొప్పను మనమే కాదనుకున్నట్టు.