సభకు రాలేనివాళ్ళ మాట

గుండ్లవాగు అడవిలో అడవిపందులు, ఎలుగుబంట్లు, ముళ్ళపందులు, కుందేళ్ళు కలిసిమెలిసి బతికేవి. అందరికీ పెద్ద వీరభద్రుడనే అడవిపంది. బలంలో వాడికి వాడే సాటి. తన మాటకు ఎదురుండకూడదు, అదొక్కటే వాడి జబ్బు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పళ్ళు లేవు, పచ్చిక లేదు. నేలలో చేదుదుంపలు మాత్రం మిగిలాయి. అవి తినొచ్చో లేదో ఎవరికీ సరిగ్గా తెలియదు. తన నలుగురు పిల్లల డొక్కలు ఎండిపోవడం వీరభద్రుడు చూడలేకపోయాడు. అందుకే సభ పిలిచాడు.

"చేదుదుంప తిన్నవాళ్ళెవరు? ఎలా ఉన్నారు?"

"తిన్నాను. నిక్షేపంలా ఉన్నాను," అంది ఎలుగుబంటి.

"మేమూ తిన్నాం," అన్నాయి వాగొడ్డు కుందేళ్ళు.

వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా బాగాలేదనలేదు.

"నేనూ తిన్నాను. నాకేమైంది? ఇకనుంచి పిల్లా పెద్దా అందరూ ఇదే తినాలి," అని వీరభద్రుడు తేల్చేశాడు.

ముళ్ళపంది సూరమ్మ లేచింది. "పెద్దయ్యా, ఇక్కడికి నడిచి రాగలిగినవాళ్ళనే అడిగాం. తిని పడకేసినవాళ్ళు సభకెలా వస్తారు? బొరియ బొరియకూ వెళ్ళి కనుక్కుంటాను. కాస్త ఆగండి."

"చాల్లే అత్తా! రోగిష్టివాళ్ళని అడిగి ఆరోగ్యం నేర్చుకుంటామా?" అని వీరభద్రుడు పకపకా నవ్వాడు. సభంతా నవ్వింది.

సూరమ్మ మనసు చివుక్కుమంది. అయినా ఊరుకోలేదు. వాగుకు దూరంగా ఉన్న గుట్ట మీది బొరియలన్నీ, ఆ తరువాత వాగొడ్డు బొరియలన్నీ తిరిగింది. అయ్యో, ఏం చెప్పను! గుట్ట మీద చాలామంది దుంపలు తిని వాంతులతో సోలిపోయి ఉన్నారు. వాగొడ్డున మాత్రం అందరూ బాగున్నారు. వాళ్ళు దుంపల్ని పారే నీళ్ళలో బాగా నానేసి తింటున్నారు.

తేడా నీళ్ళదేనా, ఇంకేదైనానా? సూరమ్మ తొందరపడలేదు. గుట్ట మీది పెద్దవాళ్ళలో కొందరికి నానేసిన దుంపలు పెట్టి చూసింది. వాళ్ళకు మళ్ళీ వాంతులు కాలేదు. పాలు మరవని పిల్లలకు మాత్రం నానేసినవి కూడా పడటం లేదని తల్లులు చెప్పారు.

ఆ సంగతి చెబుదామని పరుగున వచ్చేసరికి, వీరభద్రుడు తన చిన్నకొడుకు పక్కన కూలబడి ఉన్నాడు. పిల్లవాడిలో ఊపిరి లేదు.

"నేను తిన్నదే పెట్టాను అత్తా! నాకేమీ కాలేదే!" అని బావురుమన్నాడు.

సూరమ్మ వాడి పక్కన కూర్చుంది. తరువాత, "మిగతా ముగ్గురినీ కాపాడుకుందాం లే నాయనా," అని చూసిందంతా చెప్పింది.

మర్నాడు సభలో వీరభద్రుడు తల వంచుకుని నిలబడ్డాడు. "నేను తప్పు చెప్పాను. ఇకపై తిండి గురించి సూరమ్మత్త మాటే మన మాట," అన్నాడు.

"దుంపలు పారే నీళ్ళలో నానేసి తినండి. పసివాళ్ళకు పాలే పట్టండి. అయినా ఎవరికైనా పడకపోతే నాకు చెప్పండి, ఈ మాట కూడా మారుద్దాం," అంది సూరమ్మ.

ఆ కరువు నుంచి అడవి గట్టెక్కింది. ఆ తరువాత ఏ కొత్త తిండి వచ్చినా, సభ పిలిచేముందు వీరభద్రుడే గుట్టెక్కేవాడు. అలికిడి లేని బొరియ కనిపిస్తే మొదట దాని ముందే ఆగి, "మీకేం పడలేదు తల్లీ?" అని అడిగేవాడు.

నీతి: నా ఒంటికి పడింది లోకానికంతా పడుతుందనుకోవడం అహంకారం, అందరికీ మేలైన మాట చెప్పాలంటే, వచ్చి చెప్పుకోలేనివాళ్ళ దగ్గరికి మనమే వెళ్ళి అడగాలి.