గోలెంగూడెం తల్లికి మూత ఎందుకు వేయరు

గోలెంగూడెం అమ్మవారికి గోపురం లేదు, విగ్రహమూ లేదు. నడుమెత్తు మట్టి గోలెమే ఇక్కడ తల్లి. భక్తులు ఇంటినుండి తెచ్చిన కూరగాయల తొక్కలు, వాడిన పూలు అందులో సమర్పించి, పైన గుప్పెడు ఎండుటాకులు చల్లుతారు. ఆ మధ్య ఒక దాత గోలేనికి ఇత్తడి మూత చేయించి తెచ్చాడు. ఆయన భక్తిని ఎవరూ కాదనలేదు గాని, ఆ మూతలో ఇప్పుడు పులిహోర పంచుతున్నారు.

పూర్వం ఇక్కడ సోగులమ్మ అనే ఆమె కూరగాయల తోట చేసుకుని బతికేది. ఇంటి చెత్త, తోట చెత్త గోలెంలో వేసి మాగబెట్టి పాదులకు వేసేది. ఒక చలికాలపు ఉదయం గోలెంలోంచి ఆవిరి లేచింది. చెయ్యి పెడితే చురుక్కుమంది. సోగులమ్మకు భయం పట్టుకుంది, ఎందుకంటే ఇంట్లో కూతురు లచ్చవ్వ నిండు చూలాలు.

"నిప్పు లేకుంట ఉడుకుతున్నదంటె లోపల ఏదో కూసున్నట్టే వదినా. మూత పెట్టి మట్టి మెత్తు" అంది పొరుగింటి ఎల్లవ్వ. సోగులమ్మ బండతో మూసి, మట్టి మెత్తింది.

భయం తగ్గలేదు సరికదా, రెండింతలైంది. గోలెం చల్లబడి, అడుగున కుళ్ళు కంపుతో నల్లనీరు ఊరింది. లోపల గుడగుడమని చప్పుడు. ఆ కంపుకు లచ్చవ్వ అన్నం మానేసింది. నొప్పులు మొదలై రెండు రోజులైనా బిడ్డ బయటపడలేదు.

మిట్టమధ్యాహ్నం గడపమీద కునుకు పట్టగా, నోటికి గుడ్డ కట్టిన నల్లని ఆడమనిషి కలలో కనిపించింది. "కడుపుకు పెడ్తివి, నోరెందుకు కడ్తివి బిడ్డా? నాకు ఊపిరాడ్తలేదు" అంది.

తెరిస్తే అది కూతుర్ని మింగుతుందేమో. తెరవకపోతే కూతురు దక్కదేమో. సోగులమ్మ గడ్డపార ఎత్తి మట్టి పగలగొట్టింది, బండ తోసింది. లోపలినుండి ఏదీ దూకలేదు. భయపడుతూనే మోచేతిదాకా చెయ్యి దించి, ఎండుటాకులు కలుపుతూ అడుగునుండి తిరగేసింది. చెయ్యి ఇంకా లోపలుండగానే ఇంట్లో పసిబిడ్డ ఏడ్చింది. నాలుగోనాటికి గోలెం మళ్ళీ వెచ్చబడింది.

నేటికీ ఆ ఇంటి ఆడపడుచులే ఇక్కడ పూజారులు. ఇక్కడి నల్లమట్టి పాదుకు వేస్తే కాపు నిలుస్తుందనీ, చూలాలు గోలెంలో చెయ్యి పెడితే సుఖప్రసవమనీ నమ్మకం. ఆ వేడి తగలగానే ఎవరైనా ఉలిక్కిపడి చెయ్యి లాక్కోబోతారు. అప్పుడు పూజారమ్మ ఆ మణికట్టు పట్టుకుని ఒకే మాట చెబుతుంది: "భయపడు తల్లీ, ఏం గాదు. చెయ్యి మాత్రం తియ్యకు."